దించిన తాడు

1963 జనవరి 9, బుధవారం. ధర్మవరం.

చీరల అంగడి శెట్టి ఈ ఏడాది నాకు డైరీ ఇచ్చాడు. మిగతా నేతగాళ్ళకు క్యాలెండర్లు ఇచ్చాడు. మా వీధిలో థర్డు ఫారం దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అని ఆయనకు గుర్తుండటం గొప్పగా అనిపించింది. ఏం రాయాలో తోచక ఇన్నాళ్ళూ అట్లాగే పెట్టాను. ఈరోజు రాయడానికి ఒక సంగతి దొరికింది. కుడి భుజం నొప్పి.

పెద్ద నొప్పేం కాదు. చలిగాలికి పట్టుకున్నట్టుంది. ఎండలు ముదిరితే దానంతటదే పోతుంది.

మగ్గం మీద పేక పోగును మోసే నాడెను అటూ ఇటూ తోలడానికి కుడిచేత్తో లాగే తాడు పైనుంచి వేలాడుతుంది. దాని పిడి ఛాతీ ఎత్తున ఉండేది. చేయి అంత ఎత్తుకు లేపితే భుజంలో కలుక్కుమంటోందని పిడిని కొంచెం కిందికి దించి కట్టాను. ఇప్పుడు హాయిగా ఉంది. మగ్గం మనిషికి తగ్గట్టుండాలిగానీ మనిషి మగ్గానికి తగ్గట్టుంటాడా అని మా నాయన అనేవాడు. ఆ మాట ఎంత నిజమో ఈరోజు తెలిసింది.

జనవరి 16

పిడిని ఇంకాస్త దించాను. ఒళ్ళో చేయి పెట్టుకుని లాగినట్టే ఉంది. ఇన్నేళ్ళూ ఈ తెలివి ఎందుకు రాలేదో.

జనవరి 20

ఉట్టి తలకు కొట్టుకుంది. పెరుగు కుండ ఊగింది, కాస్తయితే నెత్తిన అభిషేకం జరిగేది.

"ఎవరు దించినారు దీన్ని?" అని అరిచాను.

"నేనే. అందట్లేదు" అంది చౌడమ్మ.

పెళ్ళయిన నాటి నుంచి అందుతున్న ఉట్టి ఇప్పుడు అందకుండా ఎట్లా పోతుంది? "వయసు మీదపడి పొట్టిదానివి అయిపోతాండావు" అన్నాను. నవ్వి ఊరుకుంది. నా భార్యలో నాకు నచ్చే గుణం అదే. ఎగతాళి చేస్తే మూతి ముడుచుకోదు.

జనవరి 24

చొక్కా తొడుక్కోవడం మానేశాను. కండువా చాలు. నేతగాడికి చొక్కాతో పనేముంది?

జనవరి 29

పక్కింటి పోతులయ్య వచ్చాడు. చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, వాడిదీ నేత పనే. మనసు మంచిదిగానీ నోటికి గడియ లేదు. నేను అన్నం ముద్దను నోటికి ఎత్తుకోకుండా తలనే ముద్ద దగ్గరికి వంచడం చూశాడు.

"ఏదీ, చేయి ఎత్తు" అన్నాడు.

ఎత్తాను. నడుము దాటి కొంచెం లేచి ఆగిపోయింది. ఎడమచేతిని కుడి మోచేయి కింద ఆనించి పైకి నెడితే ఇంకాస్త లేచింది.

"ఇది దిగే చేయప్పా. మా మామకూ ఇట్లనే అయ్యె. మగ్గం దిగి కండెలు చుట్టేకి కూర్చునె."

నవ్వుతూనే అన్నాడు, నేనూ నవ్వాను. కానీ ఆ తర్వాత అన్నం సయించలేదు. మా నాయన చూపు మందగించి మగ్గం దిగాడు. అంతకుముందు ఆయన్ని అడగందే మా ఇంట్లో పోగు కదిలేది కాదు. దిగాక అరుగు మీద, నాడెలో పెట్టే పోగు కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాడు. అన్నం తిన్నావా అని తప్ప ఆయన్ని ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. నాకు భయం వేసింది. దాచుకోవడం ఎందుకు, ఈ డైరీ చదివేది నేనొక్కడినే. నాకు మగ్గం దిగాలని లేదు.

ఫిబ్రవరి 4

పోతులయ్య మాట విని పసుపుకొమ్ముతో భుజానికి వాతలు పెట్టించుకున్నాను. వాతలు మానుతున్నాయి. నొప్పి మానలేదు. నిద్రలో ఆ పక్కకు ఒత్తిగిల్లితే ప్రాణం పోతోంది.

ఫిబ్రవరి 10, ఆదివారం

పెనుకొండ నుంచి మా వెంకటక్క దిగింది. నాకంటే పెద్దది. ఊళ్ళో దిగగానే ముందు దాని గొంతు వస్తుంది, తర్వాత మనిషి వస్తుంది. నా వాతలు చూసి నెత్తి కొట్టుకుంది.

"నువ్వేమన్నా ఎద్దువారా, వాతలు పెట్టించుకునేకి? చదువుకున్నోడివి గదరా."

పోయినేడు అక్క పెనుకొండ కొండ మెట్ల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక వేళ్ళు కొయ్యల్లా ఉండేవి, గ్లాసు పట్టుకోలేకపోయేది. ఇప్పుడు అదే చేతిని నా ముఖం ముందు ఆడిస్తూ మాట్లాడింది.

"హిందూపురం మిషన్ ఆసుపత్రిలో ఏసుదాసని ఒకాయప్ప ఉండాడు. మందు లేదు, సూది లేదు. చేతితోనే చేతిని బాగు చేస్తాడు. మంగళవారం వస్తాండావు. నేను పెనుకొండలో రైలెక్కుతా. నువ్వు లేకపోతే అదే రైల్లో ధర్మవరం దాకా వచ్చి చెవి పట్టుకొని తీసకపోతా."

పెనుకొండలో ఎక్కితే ధర్మవరం అవతలి దిక్కు అని చెప్పబోయి ఊరుకున్నాను. అక్కతో వాదించి గెలిచినవాడు మా వంశంలో లేడు.

ఫిబ్రవరి 12, మంగళవారం

హిందూపురం వెళ్ళి వచ్చాను. వివరంగా రాసుకోవాలి.

డాక్టరు చూసి, ఎముకకు ఏమీ కాలేదు, వెనక గదికి పొమ్మన్నాడు. ఆ గది వాకిట్లోనే ఆగిపోయాను. పైనుంచి తాళ్ళు, తాళ్ళకు గిలకలు, గోడకు ఒక చెక్క చక్రం. ఇది ఆసుపత్రా, మగ్గాల కొట్టమా అనుకున్నాను. సోమందేపల్లి ఆసామి ఒకాయన, పక్షవాతం వచ్చి తేరుకుంటున్నవాడు, రెండు కొయ్యల మధ్య అడుగులో అడుగు వేస్తున్నాడు. ఆయన ముందు ఒకతను వెనక్కి నడుస్తూ, "రా పెద్దాయనా, నేనుండా, రా" అంటున్నాడు. ఆసామి పడిపోతే పట్టుకునేంత దగ్గరగా ఉన్నాడు, పట్టుకోకుండా ఉన్నాడు. అతనే ఏసుదాసు.

మనిషి పొడగరి, ముప్పై దాటి ఉండవు. వేలూరులో ఈ చదువు చదివాడట. ఊరు ఏదని అడిగితే నంబులపూలకుంట పక్కన పల్లె అన్నాడు. పల్లెలో ఏ వీధి అన్న మాట నా నోటి దాకా వచ్చింది. వీధి అడిగితే కులం అడిగినట్టే. మింగేశాను.

నా ముందు కూర్చుని, చేతులు తన ఒళ్ళోనే పెట్టుకుని, "అన్నా, చేయి పట్టుకుందునా?" అని అడిగాడు. అట్లా అడిగే అలవాటు అతనికి ఎందుకు అయిందో నాకు అర్థమైందనుకున్నాను. సిగ్గుగా ఉండి గట్టిగా తల ఊపాను.

ముందు నన్నే ఎత్తమన్నాడు. తర్వాత నా చేతిని వదులుగా పెట్టించి, తనే ఎత్తాడు. అతని చేతులు వెచ్చగా ఉన్నాయి, తొందర లేదు.

"చూడన్నా. నువ్వు ఎత్తినా ఈడనే ఆగె. నేను ఎత్తినా ఈడనే ఆగె. అంటే నీ కండ సత్తువ పోలేదు. భుజం కీలు లోపల పొర బిగుసుకుని అతుక్కపోయింది."

"పడుగుకు గంజినీళ్ళు చల్లి, పోగులు విడదీయకుండా ఆరనిస్తే అతుక్కున్నట్టా?" అన్నాను.

అతను ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. గంజి ఎందుకు చల్లుతారు, అతుక్కుంటే ఏం చేస్తారు అని చిన్నపిల్లవాడిలా అడిగాడు. లాగితే తెగుతాయి, తడి చేసి మెల్లగా విడదీయాలి అని చెప్పాను.

"అంతే. మనమూ అదే చేస్తాం. వేడినీళ్ళ తుండుతో తడి చేస్తాం, మెల్లగా కదిలిస్తాం. లాగం. నెలలు పడతాదన్నా. ఉగాదికి అవుతాదని నీకు అబద్ధం చెప్పను."

ఇంకో మాట చెప్పాడు. "నొప్పి వస్తాదేమోనని ముందే ఆగద్దు. నొప్పి కొరికేదాకా పోవద్దు. ఆ రెండిటి నడుమ ఒక చోటు ఉండాది. అది నాకు కనపడదు, నువ్వే చెప్పాల. దాచిపెడితే నా చదువు దండగ."

మగ్గం దిగాలా అని అడిగాను. పక్కనే ఉన్న అక్క నావైపు చూసింది. దిగనక్కర్లేదు, కొంచెం కొంచెం నేసుకో అన్నాడు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. తాడు లాగేటప్పుడు చేయి ఎంత ఎత్తుకు పోతుందో చూపించమన్నాడు. ఎడమచేత్తో ఛాతీ దాకా చూపించాను. పిడి దించిన సంగతి అతను అడగలేదు, నేను చెప్పలేదు.

ఫిబ్రవరి 13

ముందుకు వంగి, ఎడమచేత్తో గోడ పట్టుకుని, కుడిచేతిలో చెంబు పట్టుకుని ఆ చేతిని ఊరికే వేలాడేసి ఊపాలి. భుజంతో ఊపకూడదు, దానంతటది ఊగాలి. పోతులయ్య తొంగి చూసి, "ఏమప్పా, నీళ్ళు దొరకలేదా?" అన్నాడు. వాడి పని వాణ్ణి చూసుకోమన్నాను.

ఫిబ్రవరి 21

ఏమీ లాభం లేదు. మానేశాను.

ఫిబ్రవరి 22

మానలేదు. చౌడమ్మ వేడినీళ్ళు కాచి తుండు ముంచి భుజం మీద వేసింది. వద్దనడం బాగుండదు.

మార్చి 5, మంగళవారం

ఈసారి గోడ ఎక్కడం నేర్పాడు. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో గోడ మీద మెట్టు మెట్టు ఎక్కినట్టు చేతిని పైకి పంపాలి. చేరిన చోట గుర్తు పెట్టుకోవాలి.

నా కళ్ళ ముందే ఆసుపత్రి డాక్టరుగారి భార్య మెడ నొప్పితో వచ్చింది. ఆమెను కూడా ఏసుదాసు "పట్టుకుందునా అమ్మా?" అని అడిగాడు. తర్వాత ఒక పసిపిల్లను అడిగాడు. నేను ఉండబట్టలేక, "అందర్నీ అడుగుతావేమప్పా?" అన్నాను.

"నొప్పి ఉండేది వాళ్ళ చేయిలో గదన్నా. అడగకుండా ఎట్ల పట్టుకునేది?" అన్నాడు.

మొదటి రోజు నేను ఏమనుకున్నానో తలుచుకుని తల దించుకున్నాను. ఇంత చదివినవాడు, ఇంత పనితనం ఉన్నవాడు, ఇంకొకరి ఒంటిని వాళ్ళ ఇల్లులా చూస్తాడు. వాకిట్లో నిలబడి పిలిచి, రమ్మంటేనే లోపలికి వస్తాడు. అట్లాంటి మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

తిరుగు రైల్లో అక్క పెనుకొండలో దిగుతూ, "ఏరా, ఎట్లుండాడు నా ఏసుదాసు?" అంది, తనే కని పెంచినట్టు.

మార్చి 14

గోడ మీద నేను చేరిన చోటల్లా చౌడమ్మ పసుపు బొట్టు పెడుతోంది. బొట్లు ఎక్కుతున్నాయి. కణత దాకా వచ్చాయి.

మగ్గం పని మాత్రం మెల్లగా సాగుతోంది. నా పక్కన కూర్చుని, చీర అంచుకు వేరేగా ఉండే అంచు నాడెను చేత్తో వేసేది చౌడమ్మే. ఈమధ్య ఆలస్యంగా వేస్తోంది. నేను తాడు లాగి కాచుకుని ఉండాల్సి వస్తోంది. పరధ్యానం.

మార్చి 27

ఉగాది వెళ్ళింది. కొత్త చొక్కా పెట్టెలోనే ఉంది.

ఏప్రిల్ 3

బొట్టు అదే చోట ఉంది. వారం పైనే అయింది. కదలదు.

మా ఇంట్లో వస్తువులన్నీ దిగుతున్నాయి. ఉట్టి అయింది, ఇప్పుడు బట్టలు ఆరేసే దండెం దించింది. తడి చీర ముఖానికి కొట్టుకుంటోంది. పై అలమర్లోని ఊరగాయ జాడీలు నేల మీదికి వచ్చాయి. రేపో ఎల్లుండో మిద్దె కూడా దిగుతుంది. పైగా సాయంత్రమైతే జడ వేయించుకోవాలని ఎదురింటి సోమక్క దగ్గరికి పోయి కూర్చుంటోంది. ఈ వయసులో ఒకరి చేత జడ వేయించుకోవడమేమిటి? కబుర్ల కోసం కాకపోతే.

నాకు చిరాకుగా ఉంది. చేయి కదలకపోతే మనిషికి అన్నీ చిరాకే.

ఏప్రిల్ 16, మంగళవారం

"ఇంటికాడ చెప్పినట్ల చేస్తాండావా?" అని ఏసుదాసు అడిగాడు. చేస్తున్నాను, అది నిజమే. "మరి ఏదో అడ్డం పడతాండాది. నాకు తెలియట్లేదు" అన్నాడు. తెలియదు అని చెప్పడానికి అతనికి మొహమాటం లేదు. "నువ్వు పని చేసేది నేను కళ్ళతో చూడాల. మగ్గం ఎట్లుంటాదో నేనెప్పుడూ చూడలేదు. ఒక ఆదివారం వస్తా."

రావద్దు అని ఎట్లా అంటాను? రమ్మన్నాను. తిరుగు రైల్లో దారంతా అదే ఆలోచన. అతను వచ్చే ముందు పిడిని పాత చోటికి కట్టేస్తే సరి.

ఏప్రిల్ 27

కట్టలేదు. పైకి కట్టి ఒకసారి లాగి చూశాను. చుక్కలు కనిపించాయి. మళ్ళీ దించాను.

ఏప్రిల్ 28, ఆదివారం

ఏసుదాసు వచ్చాడు. చర్చి అయిపోగానే రైలెక్కాడట. గుమ్మం దాటగానే ఉట్టి నుదుటికి కొట్టుకుంది.

"ఇంత కిందికి కట్టినారేమక్కా?"

"అందట్లేదప్పా" అంది చౌడమ్మ, చుట్టాలకిచ్చే ఇత్తడి గ్లాసులో మజ్జిగ ఇస్తూ. నేను ఆ గ్లాసు చూశాను. చౌడమ్మ నావైపు చూడలేదు. ఈ విషయంలో నన్ను అడగాల్సిన పని లేదని ఆమె ముందే తీర్మానించుకున్నట్టుంది. మంచి పని చేసింది.

"నీ చేయేమన్నా నొప్పా అక్కా?" అన్నాడు.

"నాకేమైతాది? ముందు ఈయప్పది చూడు."

మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూర్చున్నాను. చౌడమ్మ పక్కన కూర్చుంది. నేశాను. అతను గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత తాడును కింది నుంచి పైదాకా వేళ్ళతో తడుముతూ పోయాడు. పైన ఒక చోట ఆగాడు. అక్కడ ఏళ్ళ తరబడి ముడి ఉండి తాడు నలిగిపోయిన గుర్తు ఉంది.

"పిడి ముందు ఈడ ఉండెనా?"

"ఆడనే ఉండె. సంక్రాంతికి ముందు నుంచి దించుకుంటా వచ్చినాడు" అని చౌడమ్మ చెప్పేసింది.

కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. గుంట గట్టు మీద నా పక్కనే కూర్చున్నాడు.

"అన్నా, నొప్పి ఉన్నప్పుడు దించుకోవడం తప్పు కాదు. ఎవరైనా అదే చేస్తారు. కానీ తాడు దిగినాక చేతికి పైకి పోయే పనే లేకపాయె. పని లేని చేయి ఇంకా బిగుసుకుంటాది. అది బిగుసుకుంటే నువ్వు ఇంకా దించుతావు. నువ్వు వచ్చినప్పుడు నేను ఎక్కిస్తాండా, ఇంటికాడ నువ్వు పొద్దంతా దించుతాండావు."

"నాకు దిగాలంటే భయమప్పా. దించుకుంటే దిగకుండా ఉండొచ్చనుకుంటి" అన్నాను. ఎవరికీ చెప్పని మాట అతనికి చెప్పాను.

"తెలుసన్నా" అన్నాడు. అంతే అన్నాడు.

పిడిని విప్పి బొటనవేలంత పైకి కట్టాడు. "ఇంతే. ఇది అలవాటైనాక ఇంకొంచెం. తొందర లేదు. కానీ మళ్ళీ కిందికి పోకూడదు."

తర్వాత, "నేనొకసారి లాగి చూద్దునా?" అన్నాడు. ఆ పొడుగు కాళ్ళు గుంటలో ఇమడక అవస్థ పడి, తాడు పట్టి ఒక్క లాగు లాగాడు. నాడె మగ్గం దాటి ఎగిరి చౌడమ్మ ఒళ్ళో పడింది. ముగ్గురం నవ్వుకున్నాం. సులువుగా ఉంటాది అనుకుంటి, మీ చేతుల్లో ఇంత పని ఉండాదా అని అతను తన భుజం తనే తడుముకున్నాడు. నా పనిని అట్లా మెచ్చుకున్నవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. నా ఒళ్ళు పొంగింది.

పోయే ముందు బావి దగ్గరి పాత గిలకను మిద్దె దూలానికి కట్టించి, దాని మీదుగా తాడు వేశాడు. రెండు కొసలు రెండు చేతులతో పట్టుకోవాలి. బాగున్న చేయి కిందికి లాగితే బాగులేని చేయి పైకి లేస్తుంది. నా చిన్నప్పటి నుంచీ తాళ్ళు లాగుతూనే ఉన్నాను. తాడు నన్ను లాగడం ఇదే మొదలు.

మే 9

పిడి ఇంకొంచెం పైకి పోయింది. నొప్పి ఉంది, కొరకడం లేదు. అతను చెప్పిన ఆ నడిమి చోటు ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోంది.

మే 21

పసుపు బొట్టు నా నెత్తి దాటింది. పెట్టడానికి చౌడమ్మకు అందక, నన్నే పెట్టుకోమంది.

జూన్ 4, మంగళవారం

చొక్కా తొడుక్కుని హిందూపురం వెళ్ళాను. ఎవరి సాయమూ లేకుండా. ఏసుదాసు తలుపు దగ్గర నన్ను చూసి, లోపల ఉన్నవాళ్ళందరినీ పిలిచి, "ఈయప్ప చొక్కా చూడండి" అన్నాడు. సోమందేపల్లి ఆసామి కొయ్యలు వదిలేసి కర్ర ఊతంతో నడుస్తున్నాడు. ఆయన కూడా చూసి మెచ్చుకున్నాడు. యాభై రెండేళ్ళ వాడిని, చొక్కా వేసుకున్నందుకు మెప్పు పొందడం నాకేమీ సిగ్గనిపించలేదు.

జూన్ 23

పిడి పాత చోటికి చేరింది. తాడు మీద నలిగిన గుర్తు దగ్గరే ముడి వేశాను. పోతులయ్యను పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, "ఆ గిలక తాడు నేనూ ఒకసారి పట్టుకుందునా?" అన్నాడు. పట్టుకోనిచ్చాను. వాతల సంగతి ఎత్తలేదు. నేను మంచివాణ్ణి.

జూలై 9, మంగళవారం

ఇక రావద్దన్నాడు. చేయి చెవికి ఆనేలా పైకి లేచింది. నాకు తెలియకుండానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయాను. అతను ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించాడు. ఆ ఒక్కసారే అడగకుండా పట్టుకున్నాడు.

"ఇంటికాడ గిలక తాడు తీసేయద్దన్నా. ఉండనీ" అన్నాడు.

"నాకింక పని లేదు గదప్పా."

"ఉండనీ" అన్నాడు మళ్ళీ.

పెనుకొండలో దిగి అక్కకు చెప్పాను. బొరుగులు, బెల్లం పెట్టింది. నా భుజం మీద చరిచి చూసింది, గట్టిగానే. నొప్పి లేదు.

జూలై 10

ఈరోజు నా ప్రతాపం చూపించాను. తెల్లారగానే దండెం విప్పి పాత మేకులకు కట్టాను. జాడీలు పై అలమర్లో పెట్టాను. ఉట్టిని పాత కొక్కేనికి ఎత్తి కట్టాను, చేయి చాచి, కాలి మడమ ఎత్తకుండా. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది. తల దేనికీ తగలడం లేదు. చౌడమ్మ వంటింటి గడపలో నిలబడి అంతా చూసింది. బాగుందా అంటే బాగుంది అంది.

జూలై 11

ఎట్లా రాయాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం అన్నానికి కాళ్ళు కడుక్కుని వస్తున్నాను. చౌడమ్మ ఉట్టి కింద నిలబడి ఉంది. నన్ను చూడలేదు. కుడిచేయి భుజం దాటి లేవడం లేదు. ఎడమచేతిని కుడి మోచేయి కింద ఆనించి పైకి నెడుతోంది. పళ్ళు బిగబట్టి ఉంది.

అది నా భంగిమ. జనవరిలో పోతులయ్య ముందు నేను చేసింది అదే.

ఉట్టి, దండెం, జాడీలు, సోమక్క వేసే జడ, ఆలస్యంగా వచ్చే అంచు నాడె. అన్నీ నా కళ్ళ ముందే దిగాయి. నేను నవ్వాను, విసుక్కున్నాను. ఏసుదాసు ఒక్కసారి ఇంట్లో అడుగుపెట్టి, ఉట్టికి నుదురు తగలగానే నీ చేయి నొప్పా అని అడిగాడు. నేను ఆరు నెలలు తల కొట్టుకుని కూడా అడగలేదు. నిన్న వాటన్నిటినీ పైకెక్కించి బాగుందా అని అడిగాను.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

ఉలిక్కిపడి చేయి దించేసింది. "ఏముండాది? ఏమీ లేదు."

నేను కదలకుండా నిలబడ్డాను. ఏసుదాసు అట్లాగే నిలబడతాడు, చెప్పేదాకా.

"పోయిన వానాకాలం నుంచి" అంది చివరికి.

నాకంటే ముందే.

"చెప్పకపోతివేమ్మే?"

"చెబుదామనే లోపల నీకు వచ్చె. ఇద్దరం చేయి పట్టుకొని కూర్చుంటే మగ్గం ఎవరు చూస్తారు? నువ్వు దిగుతానేమోనని చస్తాంటివి. నువ్వు హిందూపురం పోయినప్పుడు నేనూ చెంబు పట్టుకొని ఊపి చూస్తి. ఎంతదాకా ఊపాలో తెలీక మానేస్తి."

ముప్పై ఏళ్ళుగా పక్కపక్కనే కూర్చుని ఒకే చీర నేశాం. నా మగ్గం నిలబెట్టడానికి ఆమె ఆ చేత్తోనే అంచు నాడె వేసింది, ఆ చేత్తోనే నా భుజానికి వేడినీళ్ళ తుండు పిండింది. ఏసుదాసును మెచ్చుకుంటూ ఇన్ని పేజీలు రాశాను. అతను అర్హుడే, ఒక్క మాట కొట్టేయను. కానీ ఈమెకు ఒక్క పేజీ రాయలేదు.

ఏసుదాసు ఎందుకు ఉండనీ అన్నాడో ఇప్పుడు తెలిసిన ఆ గిలక కింద ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టాను. తాడు ఒక కొస ఆమె కుడిచేతికి ఇచ్చాను. రెండో కొస ఆమె ఎడమచేతికి ఇవ్వాలి. ఇవ్వలేదు. నేనే పట్టుకున్నాను, బాగుపడిన నా కుడిచేత్తో. మోచేయికి ఆసరా ఇవ్వడానికి ఎడమచేయి చాచి, ఆగి, "పట్టుకుందునా?" అని అడిగాను.

చౌడమ్మ నన్ను వింతగా చూసింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట నేను ఎప్పుడూ అడగలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు కూడా వచ్చింది.

"పట్టుకో" అంది.

మెల్లగా లాగాను. ఆమె చేయి లేచింది. యాడ నొప్పో చెప్పాల, దాచిపెట్టకూడదు అన్నాను. కొంచెం, ఇంకొంచెం.

"ఈడ" అంది. ఆపాను.

పక్కన గోడ మీద, నా బొట్లకు చాలా కింద, ఆమెకు మొదటి పసుపు బొట్టు పెట్టాను. మంగళవారం ఇద్దరం హిందూపురం పోతున్నాం.

ఉట్టిని మళ్ళీ దించలేదు. ఆమెకు అందేదాకా పెరుగు కుండ నేనే తీసిస్తాను.